వెనక అరలోని లవంగాలు

ఏడాదికోసారి, ఎండలు ముదరకముందే, దినుసులావిడ మూటలతో ఆ వీధిలోకి వచ్చేది. అందరి గుమ్మాల ముందూ ఆగేది గానీ మూటలన్నీ విప్పేది మాత్రం పెయింటరు గారి ఇంటి ముందే. ఆ ఇంటి కోడలు సరేనన్న సరుకుకి ఇంకెవరూ వంక పెట్టరని ఆవిడ ధీమా.

కోడలంటే నిన్నా మొన్నా వచ్చిన కోడలేం కాదు. ఆ గడప తొక్కి సగం జీవితం అయింది. అయినా లోపల అత్త బతికే ఉంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె ఇంకా కోడలే. దినుసులావిడ వచ్చిన రోజు పనులన్నీ తెల్లారేసరికే ముగించుకుని, గిన్నెడు నీళ్లూ ఒక తెల్లగుడ్డా పట్టుకుని గడప మీద కూర్చునేది. ధనియాలు అరచేతిలో పోసి రెండో అరచేత్తో నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసేది. మిరియాలు నీళ్లలో వేసి, మునిగినవే తనవనుకుని తేలినవి తిరిగి ఇచ్చేసేది. దాల్చినచెక్క పల్చగా చుట్టలు చుట్టుకుని ఉండాలి, వేళ్ల మధ్య పెళుసుగా విరగాలి. మందంగా ఉంటే, "ఇది కూరలోకి కాదు, పొయ్యిలోకి" అనేది. ఏలక్కాయ ఒలిస్తే గింజలు నల్లగా ఉండి వేలికి అంటుకోవాలి. లవంగాల దగ్గర మాత్రం చాలాసేపు పట్టేది. ఒక్కో గుప్పెట్లోంచి ఒకటి తీసి, తల కింద గోటితో నొక్కి, నూనె చెమ్మ కనపడితేనే తల ఊపేది.

"పెళ్లికొడుకుని కూడా ఇంత తిప్పి తిప్పి చూడరమ్మా" అనేది దినుసులావిడ.

"చూడకే కదా ఇలా ఉన్నాం" అనేది కోడలు. ఇద్దరూ నవ్వుకునేవారు. ఆ నవ్వు ఏటా ఉండేదే.

ఆ ఒక్క పూటా ఆ గడప దగ్గర గాలి ఘుమఘుమలాడేది. ఆమె భర్త పెయింటరు మాత్రం ఆ వేళకి ఏ బజారులోనో నిచ్చెన మీద నిలబడి ఏదో ఒక దుకాణం పేరు రాస్తూ ఉండేవాడు. ఆయన ఇంటికొచ్చేసరికి సరుకంతా నీడన ఆరి, జాడీల్లోకి ఎక్కి, మూతకీ జాడీకీ మధ్య గుడ్డ బిగించుకుని సిద్ధంగా ఉండేది. ఆయన చెయ్యాల్సిందల్లా స్నానం చేసి, సన్న కుంచె పట్టుకుని, ఒక్కో జాడీ మీదా పేరు రాయడం. ఆ తర్వాత కోడలు వాటిని సామాన్ల గదిలోకి తీసుకెళ్లి అన్నిటికన్నా వెనక అరలో సర్దేది.

వెనకే ఎందుకంటే, పాతది అయ్యాకే కొత్తది ముట్టుకోవాలి. అది అత్త మాట. అత్త చిన్నప్పుడు ఒక ఏడు గింజ దొరకని రోజులు చూసింది. ఇంట్లో ఉన్న కాస్తా అయిపోయిన రోజున వాళ్లమ్మ ఖాళీ జాడీలో నీళ్లు పోసి తొలిపి ఆ నీళ్లతో వంట చేసిందని చెప్పేది. అప్పటి నుంచి అత్తకి నిండు జాడీ చూస్తే ధైర్యం, మూత తీస్తే దిగులు. ఏ ఏటి సరుకు ఆ ఏడు కొనాలి, మంచిదే కొనాలి, కొన్నది వెనక పెట్టాలి, ముందున్నది వాడాలి. ముందున్నది ఎప్పటికీ అయ్యేది కాదు. అయ్యేలోపు వెనకది పాతబడేది.

ఆ గది ఏటా ఒక అర మేర లోపలికి పెరిగేది. బయట గోడ ఉన్నచోటే ఉండేది. దాన్ని ఆనుకున్న పక్కింటి గోడా ఉన్నచోటే ఉండేది. ఒకసారి సున్నం వెయ్యడానికి వచ్చిన మేస్త్రీ లోపలా బయటా తాడుతో కొలిచి, లోపలికి పెరిగితే సున్నం ఎక్కువ పడుతుంది, బయటికి పెరగలేదు కాబట్టి పక్కింటివాళ్లతో గొడవ లేదు అని చెప్పి టీ తాగి వెళ్లిపోయాడు. కోడలు ఆ గదిలోకి వెళ్లడం చూసినప్పుడల్లా పక్కింటావిడ, భోజనం కట్టుకెళ్తున్నావా అని అడిగేది. వెనక అర దాకా వెళ్లి రావడానికి అంతంత సేపు పట్టేది మరి.

ఆ గదికి ఇంకో అలవాటు ఉండేది. వెనక నుంచి ఏది తెచ్చినా దారిలోనే పాతబడిపోయేది. కోడలు కొత్తగా వచ్చిన రోజుల్లో, అత్త కునుకు తీస్తుంటే లోపలికెళ్లి గుప్పెడు కొత్త జీలకర్ర తెచ్చింది. తలుపు దగ్గరికొచ్చి గుప్పిట విప్పితే పొట్టు. అత్త కళ్లు తెరిచి చూసింది గానీ తిట్టలేదు. "ఆ గది పద్ధతి అంతే అమ్మాయ్. మనం దానికొకటి నేర్పాం, అది నేర్చుకుంది" అని మళ్లీ కళ్లు మూసుకుంది. వెళ్లొచ్చే మనిషికైతే ఒకటో రెండో తెల్ల వెంట్రుకలు అంటగట్టి వదిలేసేది. లోపల నిల్వ పెట్టిన సరుకుని మాత్రం వదిలేది కాదు.

అలా ఆ ఇంట్లో అందరూ రంపపు పొట్టు లాంటి ధనియాలూ, చిన్న చిన్న మేకుల్లాంటి లవంగాలూ వేసిన కూరలు తిని పెరిగారు, ముసలివాళ్లయ్యారు. పెయింటరు పుట్టినప్పటి నుంచీ అదే తిన్నాడు. వేరేది ఉంటుందని తెలియనివాడు వంక పెట్టడు కదా. పళ్లెంలోకి చూసి, "రంగు మాత్రం బాగా కుదిరిందోయ్" అనేవాడు. ఆయన వృత్తి అది. కోడలికి మాత్రం తెలుసు. ఆమె చేతులకి ఏడాదికి ఒక పూట ఆ వాసన అంటేది. కడుక్కుంటే పోయేది.

ఆ ఏడు జాడీలు సిద్ధం చేసి కుంచె తెచ్చి ఇస్తే పెయింటరు, "రేపు రాస్తాలే" అన్నాడు. ఎప్పుడూ అనని మాట. మర్నాడు కూడా అదే అన్నాడు. చివరికి కోడలు పేర్లు లేని జాడీలనే వెనక సర్దేసి వచ్చింది.

తర్వాత అన్నం వదిలెయ్యడం మొదలుపెట్టాడు. మొదట పళ్లెంలో సగం మిగిలేది. వానలు పడేసరికి కలిపిన ముద్ద కూడా చేతిలోనే ఉండిపోయేది. నాలుక మీద మట్టి పరిచినట్టుందనేవాడు. నిచ్చెన ఎక్కడం మానేశాడు. మందుల దుకాణం బోర్డు మీద సగం పేరు రాసి దిగిపోతే, దుకాణంవాడు ఆ సగం పేరుతోనే వ్యాపారం చేసుకుంటూ రోజూ మనిషిని పంపించి ఆరోగ్యం కనుక్కునేవాడు. డాక్టరు అన్ని పరీక్షలూ చేయించాడు. ఒంట్లో ఏమీ లేదన్నాడు. లేనిది అన్నమేనని, అది లోపలికి పోకపోతే తన మందులు కూడా ఏమీ చెయ్యలేవని, ఇలాగే ఉంటే చలికాలం దాటడం కష్టమని కోడలిని వరండాలోకి పిలిచి చెప్పాడు.

కోడలు తెలిసిన కూరలన్నీ వండింది. తెలియనివి పక్కింటావిడని అడిగి వండింది. మెత్తగా, పల్చగా, వేడిగా, చల్లగా మార్చి మార్చి పెట్టింది. అన్నిట్లోనూ పడేవి ముందు అరలోని దినుసులే. ఆయన ప్రతిదానికీ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, ఆమె మొహం చూసి, కష్టపడి మింగేవాడు. రెండో ముద్దకి చెయ్యి లేచేది కాదు.

ఒకరోజు మధ్యాహ్నం పళ్లెం పక్కకి జరిపి, గోడ వైపు చూస్తూ అన్నాడు. "ఏదైనా వాసన ఉన్నది పెట్టవే. ఒక్క ముద్దైనా దిగుతుందేమో."

కోడలు పళ్లెం తీసి, చెయ్యి కడుక్కుని, సామాన్ల గది దగ్గరికెళ్లింది. తలుపు పక్కన ముక్కాలి పీట మీద అత్త కూర్చుని ఉంది. పగలంతా అక్కడే కూర్చునేది. ఏం కావాలన్నా ఆవిడే చెయ్యి చాచి ముందు అరలోంచి తీసి ఇచ్చేది.

"ఏం తియ్యమంటావ్?"

"కొత్త లవంగాలు కావాలత్తయ్యా. నేనే వెళ్లి తెచ్చుకుంటా."

అత్త ముందు అర వైపు చూసింది. తర్వాత, పాతవి ఇంకా సగం జాడీ ఉన్నాయంది. ఉన్నాయని తెలుసు, ఆయన తినట్లేదు అంది కోడలు. కొడుకు తినట్లేదని ఆవిడకి తెలియదా. రోజూ పళ్లెం ఎంత బరువుతో వెళ్తోందో, ఎంత బరువుతో వెనక్కొస్తోందో ఆ పీట మీద కూర్చుని చూస్తూనే ఉంది. మోకాళ్లు పక్కకి జరిపి దారి ఇచ్చింది. "వెళ్లు. దారిలో ఏమవుతుందో నీకు తెలుసుగా" అంది.

కోడలు లోపలికి నడిచింది. ముందు అత్త సర్దిన అరలు. జాడీల మీద సుద్దముక్కతో గీసిన గుర్తులు సగం చెరిగిపోయి ఉన్నాయి. అవి దాటాక తన పెళ్లినాటి అర. అక్కడి నుంచి ఆయన అక్షరాలు మొదలవుతాయి. ఆ ఏడు ప్రతి అక్షరానికీ నీడ వేసి, తలకట్టుకి చిన్న పువ్వు కూడా పెట్టాడు. లోపలికి వెళ్లేకొద్దీ పువ్వులు పోయాయి, తర్వాత నీడలు పోయాయి, అక్షరాలు బక్కచిక్కాయి. చిట్టచివర పేర్లు లేని జాడీలు. వాసన మాత్రం లోపలికి వెళ్లేకొద్దీ పెరుగుతూ వచ్చింది. పెళ్లినాటి అర దగ్గర దుమ్ము వాసన. సగం దారిలో ఎక్కడో ఎవరో వంట చేస్తున్నట్టు చిన్న ఆశ. వెనక అర దగ్గరికి చేరేసరికి కళ్లల్లో నీళ్లు తిరిగేంత ఘాటు.

లవంగాల జాడీ మూత తీసి, గుప్పిట బిగించి, పరుగులాంటి నడకతో వచ్చింది. దారిలో గుప్పిట్లో ఏదో నీరసించిపోవడం ఆమెకి తెలుస్తూనే ఉంది. ఆయన మంచం దగ్గర విప్పితే బూడిదరంగు పొడి. ఆయన దాన్ని వేలితో తాకి, అయినా ముక్కు దగ్గర పెట్టుకుని, లేదన్నట్టు తల ఊపాడు.

మర్నాడు మూత బిగించిన జాడీనే తెచ్చింది. ఆ మర్నాడు ఏలక్కాయలు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. ఇంకోరోజు మిరియాలు నోట్లో పెట్టుకుని తెచ్చింది. అక్కడ నాలుక మండించినవి తలుపు దగ్గరికొచ్చేసరికి ఇసుక. ఉమ్మేసి, పుక్కిలించి, గోడకి ఆనుకుని నిలబడింది. మంచం మీద నుంచి అదంతా చూస్తున్న పెయింటరు, "అవి ఇక్కడికి రానంటుంటే నేనే అక్కడికి వెళ్లొచ్చుగా. చెయ్యి ఇవ్వు" అన్నాడు.

పట్టుకుని నడిపించుకెళ్లింది. అత్త పీట మీద నుంచి లేచి గోడకి అతుక్కుని నిలబడింది. నాలుగడుగులకోసారి ఆగుతూ, అరలు పట్టుకుంటూ వెళ్లారు. పెళ్లినాటి అర దగ్గర ఆయన తన రాత చూసుకుని నవ్వాడు. "ఈ 'ల' చూడు. ఎంత పొగరుగా రాశానో." కాస్త దూరం పోయాక నవ్వలేదు. తన అక్షరాలు సన్నబడుతూ రావడం చూస్తూ నడిచాడు.

వెనక అర దగ్గర ఆమె లవంగాల జాడీ మూత తీసి ఆయన ముందు పట్టుకుంది. ఆయన వంగాడు. వంగినవాడు అలాగే ఉండిపోయాడు. చాలాసేపటికి తలెత్తి అడిగాడు.

"ఇన్నేళ్లూ ఇది ఇక్కడే ఉందా?"

"ఉంది."

"నీకు తెలుసా?"

"కొనేటప్పుడు ఏటా చూసేదాన్ని."

"మరి చెప్పలేదేం?"

ఆమె మూత చేతిలో అటూ ఇటూ తిప్పింది. "ఏమని చెప్పను? ఎప్పటికైనా వంతు వస్తుంది కదా, అప్పుడు తింటాంలే అనుకున్నా."

ఆయన మళ్లీ జాడీ మీదికి వంగి వాసన చూశాడు. ఆకలేస్తోందన్నాడు.

ఆమె పరుగెత్తుకెళ్లి స్టవ్వు, గిన్నె, బియ్యం, ఒక ఉల్లిపాయ తెచ్చింది. లోపలికి తీసుకెళ్లేవాటికి ఆ గది అడ్డు చెప్పేది కాదు. వెనక అర ముందు నేల మీద కూర్చుని నాలుగు లవంగాలూ ఒక దాల్చినచెక్క ముక్కా వేసి అన్నం వండింది. కూర కూడా లేదు. ఆయన గిన్నెలోంచే తిన్నాడు. అడుగు మాడు కూడా గీకి తిన్నాడు. ఆమె స్టవ్వు ఆర్పడం మర్చిపోయి చూస్తూ కూర్చుంది.

అలా పెయింటరు వెనక అర దగ్గరే ఉండిపోయాడు. అరల మధ్య చాప వేసింది, దుప్పటి తెచ్చింది. రోజూ వెళ్లి వండి పెట్టేది. చలికాలం దాటింది. బుగ్గలు నిండాయి, గొంతు లేచింది. ఒకరోజు కుంచె అడిగి తెప్పించుకుని, పేర్లు లేని జాడీలన్నిటి మీదా పేర్లు రాశాడు. లవంగాల జాడీ మీద 'ల'కి మళ్లీ నీడ వేశాడు. ఆరోగ్యం కుదిరింది కదా ఇంక బయటికొస్తానని బయల్దేరాడు గానీ, కొన్ని అరలు దాటేసరికే మోకాళ్లు వణికాయి, చేతుల మీద చర్మం వేలాడింది. చేతుల వంక చూసుకుని వెనక్కి తిరిగాడు. వేలాడింది వేలాడినట్టే ఉండిపోయింది. తానూ నిల్వ సరుకునయ్యానని అప్పుడే అర్థమైనట్టుంది. ఆ మాట భార్యతో అనలేదు. ఎవరైనా పెయింటరు గారు ఎలా ఉన్నారని అడిగితే, లోపల బాగానే ఉన్నారని కోడలు చెప్పేది. వాళ్లు సంతోషమని వెళ్లిపోయేవారు. మందుల దుకాణంవాడు చిన్న బోర్డొకటి రాయించుకుందామని లోపలికి పంపించాడు. రాసి ఇస్తే, బయటికొచ్చేసరికి రంగు పెచ్చులూడి ఉత్త చెక్క మిగిలింది. ఆ తర్వాత పనులు రాలేదు.

కోడలు రోజూ వెళ్లేది, రోజూ వచ్చేది. వచ్చిన ప్రతిసారీ ఆ గది ఒకటో రెండో వెంట్రుకలు తెల్లగా చేసి పంపించేది. ఏడాదికోసారి వెళ్లే రోజుల్లో అది లెక్కలోకి రాలేదు. రోజూ అయ్యేసరికి తలంతా ముగ్గుబుట్టైంది, నడుం వంగింది, ఒక పక్క పళ్లు కదిలాయి. ఇంట్లో ఆడమనిషి ముసలిదైతే పట్టించుకునేదెవరు. ఒక్క అత్త మాత్రం ఒకరోజు ఆమెని దగ్గరికి పిలిచి, జుట్టు పాయ పట్టుకుని చూసి, తన జుట్టు పక్కన పెట్టి చూసి, వదిలేసింది. పీట మీద కాస్త పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు.

ఇంతలో వెనక అరలోని సరుకు కూడా మెల్లగా పాతబడటం మొదలైంది. ఆయన పళ్లెంలో మళ్లీ నాలుగు మెతుకులు మిగిలాయి. అవి చూసి కోడలు లవంగాల జాడీ మూత తీసి వాసన చూసింది. కొత్త సరుకు రావాలి. వస్తే గది ఇంకో అర పెరుగుతుంది, ఆయన ఇంకో అర లోపలికి జరగాలి, తాను ఇంకో అర దూరం నడవాలి. రాకపోతే ఆయన తినడు. రెండిట్లో ఏది తప్పుతుందా అని ఆలోచించింది గానీ ఏదీ తప్పేలా కనపడలేదు. ఎండలు మొదలయ్యాయి.

దినుసులావిడ వచ్చి మూటలు దించి, గడప మీద కూర్చున్నామెని చూసి, "పెద్దమ్మా, కోడలు గారు లేరా?" అంది.

కోడలు ధనియాల మూటలోంచి గుప్పెడు తీసి, అరచేతుల మధ్య నలిపి, కళ్లు మూసుకుని వాసన చూసింది. ఆ నలపడం చూసి దినుసులావిడ గుర్తుపట్టింది. నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ ఏడు పెళ్లికొడుకు మాట ఎత్తలేదు.

సరుకు చూడటం చాలాసేపు పట్టింది. చూపు ఆనక లవంగాల చెమ్మని గోటితో కాకుండా పెదవితో తాకి తెలుసుకుంది. మాటల్లో జరిగిందంతా చెప్పింది. దినుసులావిడ తల ఊపుతూ విని, తూకం పక్కన పెట్టి, మామూలుగానే అడిగింది.

"నాకు తెలీక అడుగుతానమ్మా. లోపల పెట్టకముందే, ఇక్కడే, ఈ పూటే వండుకుంటే ఏమవుతుంది?"

కోడలు చేతిలో లవంగం అలాగే ఉండిపోయింది. లోపల పీట మీద అత్త కూడా విన్నది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏమవుతుందో ఇద్దరికీ తెలియదు. ఆ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

కోడలు కొన్న సరుకు మూటల్లోనే వదిలి దినుసులావిడ మిగతా ఇళ్లకి వెళ్లిపోయింది. కోడలు స్టవ్వు తెచ్చి గడప పక్కన పెట్టింది. విప్పిన మూటల్లోంచే చేత్తో తీసుకుని మిరియాలూ లవంగాలూ ఏలక్కాయలూ రాతి మీద నలిపింది. నూనె కాగాక వేసింది. వీధిలో పోయేవాళ్లు ఆగారు. పక్కింటావిడ గోడ మీద నుంచి తొంగిచూసి, ఏం చేస్తున్నావని అడగడం కూడా మర్చిపోయి అలాగే నిలబడింది. పొగ వరండా దాటి, ముందుగది దాటి, సామాన్ల గది తలుపు దగ్గరికొచ్చి, కాసేపు ఆగినట్టే ఆగి, లోపలికి పోయింది.

అత్త గోడ పట్టుకుని వచ్చింది. అరచెయ్యి చాచింది. కోడలు గరిటెతో కాస్త కూర వేసింది. ఆవిడ ఊదుకుని నాలుకకి రాసుకుంది. కళ్లు చిట్లించి, మళ్లీ నాకింది.

"ఇలా ఉంటుందా ఇది" అంది, తనలో తాను.

అప్పుడే లోపల్నుంచి, ఎక్కడో దూరం నుంచి, పెయింటరు గొంతు వినపడింది. "ఏం వండుతున్నావే?"

"కూర. అక్కడే ఉండండి. నేనే తెస్తా" అని అరిచింది కోడలు. ఆమె గొంతు ఇప్పుడు అంత దూరం పోయేది కాదు. పళ్లెంలో అన్నం పెట్టి, కూర వేసి, గది వైపు తిరిగేసరికి లోపల అడుగుల చప్పుడు. చకచకా వస్తున్నాయి. సైకిలు దిగి ఆకలి మీద ఇంట్లోకి వచ్చేటప్పుడు ఒకప్పుడు అలాగే వచ్చేవాడు. ఆమె పళ్లెం పట్టుకుని లోపలికి వెళ్లింది. వద్దు, ఆగండి అంటూనే నడిచింది. అడుగులు ఆగలేదు. కాస్త నెమ్మదించాయి. తర్వాత ఒక కాలు ఈడుస్తున్న చప్పుడు. తర్వాత అరలని పట్టుకుంటుంటే జాడీలు ఒకదానికొకటి తగులుతున్న చప్పుడు.

పెళ్లినాటి అర దగ్గర ఎదురుపడ్డారు. ఆయన అరకి వీపు ఆనించి కిందికి జారి కూర్చున్నాడు. ఎండిన ఆకులా ఉన్నాడు. కనుబొమలు కూడా తెల్లబడ్డాయి. తల పైన, పువ్వులు పెట్టి రాసిన అక్షరాలు.

"ఆగమన్నాగా" అంది ఆమె.

"ఆగి ఆగే కదా ఇంత దూరం వచ్చాం" అన్నాడు. ఆమె తల వైపు చూశాడు. వెలుతురు తలుపు నుంచి పడుతోంది. లోపల స్టవ్వు మంట ముందు ఇన్నాళ్లూ ఆ తెలుపు సరిగ్గా కనపడలేదేమో, చెయ్యెత్తి ఆ జుట్టు తాకాడు. "ఇదంతా ఎప్పుడు?"

"అన్నం చల్లారిపోతుంది" అంది ఆమె.

ముద్ద కలిపి నోట్లో పెట్టింది. ఆయన మెల్లగా, చాలా మెల్లగా నమిలాడు. వేడి వేడి ఘాటుకి కళ్ల చివర తడి మెరిసింది. "వాసన ఉంది" అన్నాడు. ఆమె రెండో ముద్ద కలిపింది. చేతిలో పట్టుకుని, ఆయన నోరు తెరుస్తాడని చూస్తూ కూర్చుంది. చూస్తూనే ఉంది. ముద్ద చల్లారాక పళ్లెంలో పెట్టేసింది.

ఆయన్ని బయటికి ఆమె ఒక్కతే తెచ్చింది. మోయడానికి ఇంకెవరూ అవసరం లేకపోయింది. జాడీ అడుగున మిగిలే పొట్టంత బరువున్నాడు.

ఇల్లంతా మనుషులతో నిండింది. మందుల దుకాణంవాడు వచ్చాడు, డాక్టరు వచ్చాడు, మేస్త్రీ వచ్చాడు. అందరూ కోడలిని పెద్దమ్మా అనే పలకరించారు. గడప పక్కన విప్పిన మూటలు కాళ్లకి అడ్డం పడుతున్నాయని, పాడైపోతాయని, పక్కింటావిడే శ్రద్ధగా అన్నీ జాడీలకెత్తి, గుడ్డలు బిగించి, అరలు దాటుకుంటూ వెళ్లి వెనక సర్దేసి వచ్చింది. ఆ ఇంట్లో అవి ఎక్కడ ఉండాలో వీధిలో అందరికీ తెలుసు. గది ఇంకో అర లోపలికి జరిగింది.

వచ్చినవాళ్లు వెళ్లిపోయాక ఒక పొద్దున కోడలు పొయ్యి వెలిగించి నూనె పెట్టింది. సామాన్ల గది వైపు చెయ్యి చాచి, ఏం కావాలో చెప్పకుండా నిలబడింది. పీట మీద అత్త చెయ్యి గాల్లో కాసేపు ఆగింది. ఆవిడ లోపలికి, అరలు ఒకదాని వెనక ఒకటి సన్నబడి చీకట్లో కలిసేచోటికి చూసింది. తర్వాత ముందు అరలోంచి సుద్దగీత చెరిగిన ఒక జాడీ తీసి, మూత తిప్పి, లోపలికి చూసింది.

"ఇంకా సగం ఉంది" అంది.

కోడలు జాడీ అందుకుని, చెంచాడు తీసి, నూనెలో వేసింది. చిటపటమనలేదు, వాసన రాలేదు. మూత పెట్టి, తిరిగి అత్త చేతికి ఇచ్చింది.